కెమిస్ట్రీ చదివిన కుర్రవాడి దారి: మన రెండు జిల్లాల కథ



ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. రెవెన్యూ, పంచాయతీరాజ్ మిత్రులు తమ తమ శాఖల గొప్పలు ఎలాగూ రాస్తారు. నేను పనిచేసింది ఉపాధి కల్పనా శాఖలో. జనం నోట దాని పేరు ‘ఎంప్లాయిమెంటాఫీసు’. 1974లో లోవర్ డివిజన్ గుమస్తాగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ఈ 34 ఏళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన నిరుద్యోగుల కార్డులు ఎన్ని వేలో నాకే తెలియదు. వాటన్నిటి చరిత్ర రాయడం నా వల్ల కాదు గనుక, ఒక్క వర్గం సంగతి మాత్రం రాస్తాను. వాళ్ళు బి.యస్సీ.లో కెమిస్ట్రీ చదివిన పిల్లలు. నేనూ ఆ బాపతు వాడినే.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మా మనవరాలు ఇప్పుడు అదే చదువులో మూడవ సంవత్సరంలో ఉంది. మొన్న సిరిమాను పండక్కి పిల్లలంతా విజయనగరం వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. వాళ్ళ నాన్న గ్రూప్-2 కోచింగు అన్నాడు. వాళ్ళమ్మ బి.ఇడి. అంది. మా రెండో వాడు పైడిభీమవరంలో మందుల కంపెనీ అన్నాడు. చివరికి ఆ పిల్ల నా వైపు తిరిగి, “తాతయ్యా, జీవితమంతా ఉద్యోగాల ఆఫీసులోనే కదా చేశావు, నువ్వేం మాటాడవేం?” అని అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

వాల్తేరు కొండ మీద మొదలు

విజయనగరంలో మహారాజా వారి పాఠశాల 1857లో మొదలై 1879 నాటికి కళాశాల అయింది. శ్రీకాకుళంలో ప్రభుత్వ కళాశాల 1951లో, అంటే శ్రీకాకుళం జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది వచ్చింది. కాని రసాయనశాస్త్రంలో పై చదువు అంటే మనవాళ్ళు చాలాకాలం మద్రాసు వైపే చూడవలసి వచ్చేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, కొన్నేళ్ళకు బెజవాడ నుంచి వాల్తేరుకు రావడంతో ఆ పరిస్థితి మారింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళంతో అక్కడ ఆయన పేరిటే సైన్సు, టెక్నాలజీ కళాశాల నెలకొంది.

1933లో అక్కడ రసాయనశాస్త్ర శాఖలో చేరిన వారు తిరువేంగడం రాజేంద్రం శేషాద్రి గారు. తమిళదేశస్థులు. ఇంగ్లండులో మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్‌సన్ వద్ద పరిశోధన చేసి వచ్చినవారు. సీమ నుంచి ఖరీదైన సరంజామా వస్తేనే పని మొదలుపెడతామని ఆయన కూర్చోలేదు. చుట్టుపక్కల దొరికే ప్రత్తిపూలు, గోగుపూలు తెప్పించి, వాటికి ఆ పసుపురంగు ఇచ్చే పదార్థం ఏమిటో శిష్యులతో కలిసి తేల్చారు. గోగు అంటే మన రెండు జిల్లాల మెరకపొలాల్లో పండేదే. దాని నారనే భీమునిపట్నం రేవు పేరిట పూర్వం ‘బిమిలి జూటు’ అని విదేశాల వాళ్ళు పిలిచేవారు. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులకు వెళ్ళింది ఆ నారే. మన రైతు నార కోసమే చూసుకున్న మొక్క పువ్వులో ప్రపంచ పత్రికల్లో అచ్చయ్యే శాస్త్రం ఉందని ఆయన చూపించారు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. ఇన్ని అవాంతరాల మధ్య కూడా పరిశోధన ఆగలేదు. శేషాద్రి గారు 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది. ఆయన తరువాత కూడా వాల్తేరులో జి. గోపాలరావు గారి వంటి వారు టైట్రేషన్ పద్ధతుల్లో చేసిన పనికి దేశంలో మంచి పేరు వచ్చింది.

అయితే ఒక మాట. వాల్తేరు ఎం.యస్సీ.లో సీటు అంటే ఆనాడు ఏనుగు నెక్కినట్టే. కాలేజీ కెమిస్ట్రీ చదివిన వారిలో అక్కడిదాకా వెళ్ళిన వారు కొద్దిమంది. మిగిలిన వాళ్ళ సంగతే నేను చెప్పబోయేది.

సాల్టు పరీక్ష రోజులు

నేను విజయనగరంలో 1967 నుంచి 1970 వరకు బి.యస్సీ. చదివాను. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. ప్రాక్టికల్ గదిలో కిప్స్ పరికరం తిప్పగానే కుళ్ళిన కోడిగుడ్ల కంపు వరండా దాకా కొట్టేది. ఆ కంపుతోనే భోజనానికి వెళ్ళేవాళ్ళం. చిన్న పొట్లంలో తెల్లటి పొడి ఇచ్చి అందులో ఏముందో చెప్పమనేవారు. పరీక్షనాళికలో గోధుమరంగు వలయం కనబడితే నైట్రేటు. బ్యూరెట్టులోంచి పర్మాంగనేటు ఒక్కొక్క చుక్కా వదులుతూ, చివరి చుక్కకు గులాబిరంగు నిలిచిందంటే ఊపిరి పీల్చుకొనేవాళ్ళం. ఒక చుక్క ఎక్కువ పడిందా, మళ్ళీ మొదటికే. ఈ ‘ఒక్క చుక్క’ క్రమశిక్షణ తరువాత ఆఫీసులో రిజిష్టరు కూడికలు వేసేటప్పుడు నాకు అక్కరకు వచ్చింది. అంతకు మించి నా కెమిస్ట్రీ నాకు ఉపయోగపడిందని చెప్పలేను.

డిగ్రీ చేతికి వచ్చాక మాకు కనిపించిన దారులు మూడే. బి.ఇడి. చేసి హైస్కూలు మాస్టారు కావడం, బ్యాంకు పరీక్ష రాయడం, సర్వీసు కమిషను వారి గుమస్తా పరీక్ష రాయడం. నేను నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండి ట్యూషన్లు చెప్పుకున్నాను. మధ్యలో జై ఆంధ్ర ఉద్యమం వచ్చి ఆఫీసులే మూతపడ్డాయి. చివరికి 1974లో నియామకపు ఉత్తర్వు వచ్చింది. మా నాన్నగారు ఆ కాగితం దేవుడి మందసంలో పెట్టారు. నిరీక్షణ ఫలిస్తుందన్న నమ్మకం నా మనసులో నాటుకున్నది ఆ రోజే. ఆ నమ్మకమే తరువాత ఒకరి పట్ల నా చేత పొరపాటు చేయించింది.

కార్డుల బీరువా

నేటి పిల్లలకు ఎంప్లాయిమెంటాఫీసు అంటే ఏమిటో తెలియదు. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తుండగా, సైన్యం నుంచి తిరిగివచ్చే వాళ్ళకు పని చూపడానికి 1945లో ఈ ఆఫీసులు పెట్టారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబరు 1 నుంచి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. 1959లో ఒక చట్టం చేసి, ప్రభుత్వ సంస్థలూ, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఆఫీసుకు తప్పక తెలియజేయాలన్నారు. తెలియజేయాలన్నారే గాని, మేము పంపిన వాళ్ళనే తీసుకోవాలని ఆ చట్టంలో లేదు. ఈ చిన్న తేడా చాలామంది తండ్రులకు తెలిసేది కాదు. కార్డు వేయిస్తే ఉద్యోగం వేయించినట్టే అనుకొనేవారు.

అభ్యర్థి వివరాలు రాసే కార్డు ఎక్స్-1. అది బీరువాలో మా దగ్గర ఉండేది. అభ్యర్థి చేతికి ఇచ్చే గుర్తింపు కార్డు ఎక్స్-10. గడువులోగా రెన్యువల్ చేయించకపోతే సీనియారిటీ పోయేది. జూన్, జూలై నెలల్లో డిగ్రీ ఫలితాలు రాగానే మా ఆఫీసు ముందు వరుస రోడ్డు దాకా సాగేది. బి.యస్సీ. కెమిస్ట్రీ కార్డుల కట్ట ఏటేటా లావెక్కేది గాని, ‘కెమిస్టు కావలెను’ అని వచ్చే కాగితాలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే.

మన ప్రాంతంలో అప్పటికి కెమిస్టు అవసరమైన చోట్లు ఏవి? ఒకటి మాంగనీసు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది మన విజయనగరం ప్రాంతంలోనే. కోడూరు గని పేరు మీదనే ఒక రకం రాతికి భూగర్భశాస్త్రంలో ‘కోడురైట్’ అని పేరు పడింది. గరివిడి దగ్గర శ్రీరామనగర్‌లో 1950ల చివరలో ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారం వచ్చింది. ఖనిజంలో మాంగనీసు ఎంత, భాస్వరం ఎంత అన్న శాతం మీదనే ధర ఆధారపడుతుంది గనుక లాబొరేటరీ లేకుండా ఆ వ్యాపారం నడవదు. రెండోది చక్కెర. ఆమదాలవలస, బొబ్బిలి, సీతానగరం, భీమసింగి వైపు ఫ్యాక్టరీల్లో చెరుకు రసం పరీక్షించే కుర్రవాళ్ళు కావలసివచ్చేది. అయితే అది గానుగ ఆడే నాలుగైదు నెలల ముచ్చట. సీజను అయిపోతే ఇంటికి. పర్మనెంటు కెమిస్టు కావాలంటే కాన్పూరులో 1936 నుంచి ఉన్న చక్కెర సంస్థలో చదివి రమ్మనేవారు.

మూడోది విశాఖ. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1967లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, 1977లో జింకు కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. మన జిల్లాల నుంచి వెళ్ళి వీటిలో స్థిరపడినవారు ఉన్నారు. వారి పిల్లలు కొందరు ఈ సంచిక చదువుతూ ఉండవచ్చు. కాని చదివిన వాళ్ళ సంఖ్యకూ ఉద్యోగాల సంఖ్యకూ పొంతన లేదు.

1996లో ఇంకొక మార్పు వచ్చింది. కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఖాళీలను ఎంప్లాయిమెంటు ఆఫీసుకు తెలిపితే చాలదు, పత్రికల్లో కూడా ప్రకటించి, దరఖాస్తు చేసుకున్న అందరినీ పరిశీలించాలని తీర్పు చెప్పింది. న్యాయంగా చూస్తే అది సరైన తీర్పే. కాని ఆ రోజుతో మా బీరువాలోని కార్డుల విలువ తగ్గింది. పదిహేనేళ్ళ సీనియారిటీ కోసం రెన్యువల్ చేయించుకొంటూ వచ్చినవాడూ, నిన్న పాసయినవాడూ ఒకే వరుసలో నిలబడ్డారు.

నా పొరపాటు

1984లో అనుకుంటాను. ఏ ఊళ్ళో పనిచేస్తున్నప్పుడో చెప్పను. ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చాడు. కుర్రవాడు బి.యస్సీ. కెమిస్ట్రీ ఫస్టు క్లాసు. వాడి చేతిలో హైదరాబాదు మందుల కంపెనీ ఒకటి పంపిన ఉత్తరం ఉంది. ట్రెయినీ కెమిస్టుగా వచ్చి చేరమని దాని సారాంశం. జీతం తక్కువ.

“బాబూ, మా గుంటడు అయిద్రాబాదు ఎల్తానంతన్నాడు. ఒక్కగానొక్కడు. ఈ కార్డుకి ఇక్కడే ఏదో ఒకటి రాదేటి? మీరే ఓ మాట సెప్పండి” అన్నాడు తండ్రి.

కుర్రవాడు మాట్లాడలేదు. ఉత్తరం మడత విప్పుతూ, మళ్ళీ మడుస్తూ నిలబడ్డాడు. నేను కార్డు తీసి సీనియారిటీ చూశాను. “ప్రైవేటు కంపెనీ ఈరోజుంటుంది, రేపుండదు. నీ కార్డు ముందుకు వస్తోంది. రెండేళ్ళు ఓపిక పట్టు నాయనా” అన్నాను. నాకు ఫలించింది కదా, వీడికీ ఫలిస్తుందనుకున్నాను. ఆ పరిశ్రమ గురించి నాకు అప్పటికి తెలిసింది శూన్యం. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. బల్ల వెనుక కూర్చున్నవాడికి ‘తెలియదు’ అనడం అంత సులువు కాదు.

వాడు ఓపిక పట్టాడు. రెండేళ్ళు కాదు, వయోపరిమితి దాటేదాకా. మేము రెండు మూడు ఇంటర్వ్యూలకు పేరు పంపాము. ఏదీ రాలేదు. తరువాత వాడు రావడం మానేశాడు. ఒక రోజు కాలం చెల్లిన కార్డులు ఏరుతుంటే వాడి కార్డు నా చేతికి వచ్చింది. దాన్ని కట్టలో వేసి తాడు కట్టాను.

అదే హైదరాబాదులో ఏం జరిగిందో తరువాత తెలుసుకున్నాను. 1960ల్లో సోవియట్ సహాయంతో అక్కడ ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వరంగ మందుల కర్మాగారం వచ్చింది. 1970 నాటి పేటెంటు చట్టం 1972 నుంచి అమలైంది. దాని ప్రకారం 2005 దాకా మందు మీద పేటెంటు ఉండేది కాదు, తయారుచేసే పద్ధతి మీదనే ఉండేది. అంటే అదే మందును వేరే దారిలో చేయగలిగిన కెమిస్టుకు తలుపులు తెరుచుకున్నాయన్నమాట. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆయన కూడా గుంటూరులో బి.యస్సీ. చదివినవారే. 1986లో అరబిందో ఫార్మా వచ్చింది. నేను ఆ కుర్రవాణ్ణి ఆపిన ఏడూ, ఆ పరిశ్రమ ఊపందుకొన్న ఏడూ ఒకటే. వెళ్ళి ఉంటే తప్పకుండా పైకి వచ్చేవాడని నేను అనను. వెళ్ళే హక్కు వాడిది, దానికి నేను అడ్డుపడ్డాను. అదే నా బాధ.

పైడిభీమవరం బస్సులు

1990ల నుంచి ఆ పరిశ్రమ మన గుమ్మంలోకే వచ్చింది. రణస్థలం మండలం పైడిభీమవరంలో, జాతీయ రహదారి పక్కన, మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలు వెలిశాయి. తరువాత భీమునిపట్నం వైపు, పరవాడలో, అచ్యుతాపురంలో వచ్చాయి. తెల్లవారకుండానే విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో కంపెనీ బస్సులు పిల్లలను ఎక్కించుకు వెళుతున్నాయి. మా రోజుల్లో వేళ్ళమీద లెక్కపెట్టిన ఉద్యోగం ఇప్పుడు వీధికొకరు చేస్తున్నారు. మా తరగతిలో ఇద్దరు ముగ్గురికి మించి ఆడపిల్లలు లేరు. ఇప్పుడు క్వాలిటీ కంట్రోలు లాబొరేటరీల్లో వాళ్ళూ నిలబడి పనిచేస్తున్నారు.

కెమిస్ట్రీ వాళ్ళనే ఎందుకు తీసుకుంటారంటే, దానికి చట్టం బలం కూడా ఉంది. 1945 నాటి ఔషధ నిబంధనల ప్రకారం మందుల తయారీని అర్హులైన వారు పర్యవేక్షించాలి. ఫార్మసీ పట్టభద్రులతో పాటు, కెమిస్ట్రీ ప్రధాన విషయంగా సైన్సు డిగ్రీ ఉండి మూడేళ్ళ తయారీ అనుభవం ఉన్నవారికి కూడా ఆ అర్హత ఇచ్చారు.

ఈ ఉద్యోగంలో కష్టమూ ఉంది. మూడు షిఫ్టులు, రాత్రి నిద్ర లేకపోవడం, ద్రావణాల వాసనలు. చుట్టుపక్కల ఊళ్ళవారు నీటి గురించీ, గాలి గురించీ చేసే ఫిర్యాదులు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని మందుల కర్మాగారం ఒకదానిలో పేలుడు జరిగి 17 మంది ప్రాణాలు పోయాయి. అందువల్ల చేరబోయే పిల్లలు జీతం ఒక్కటే అడగకూడదు. భద్రతా శిక్షణ ఎన్ని రోజులిస్తారు, అత్యవసర ద్వారాలు ఎక్కడ, నేను వాడబోయే పదార్థాల భద్రతా పత్రం చూపుతారా అని కూడా అడగాలి. ఇలా అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడనక్కరలేదు. అడిగితే విసుక్కొనే చోట చేరకపోవడమే మంచిది.

ఇప్పటి దారులు

మన పిల్లలకు చెప్పడానికి పనికివస్తాయని నేను వాకబు చేసి రాసుకున్న సంగతులు కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

డిగ్రీ పద్ధతే మారింది. 2023-24లో మన రాష్ట్రంలో ఒకే ప్రధాన విషయంతో డిగ్రీ ప్రవేశపెట్టారు, నాలుగో ఏడు చదివితే ఆనర్సు. మూడేళ్ళకే బయటికి రావచ్చు. కనుక నిర్ణయం మూడో ఏట తప్పదు. రెండో ఏటనే ఆలోచన మొదలుపెట్టాలి.

ఎం.యస్సీ. చదవదలచినవారికి రాష్ట్రంలో 2021 నుంచి ఉమ్మడి పి.జి. ప్రవేశపరీక్ష ఉంది. వాల్తేరు దాకా వెళ్ళనక్కరలేదు. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన పి.జి. కేంద్రమే 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. ఐ.ఐ.టి.ల్లో ఎం.యస్సీ.కి ‘జామ్’ అనే వేరే పరీక్ష. మన పిల్లలు దీని పేరే వినకుండా డిగ్రీ ముగిస్తున్నారు. ఎం.యస్సీ.లో ఏ విభాగం తీసుకోవాలన్నది కూడా ఆలోచించవలసిందే. ఆర్గానిక్ అయితే తయారీ, పరిశోధన వైపు, ఎనలిటికల్ అయితే పరీక్షలు, నాణ్యత వైపు దారి సుగమం.

పరిశోధనకు సి.ఎస్.ఐ.ఆర్. - యు.జి.సి. వారి నెట్ పరీక్ష. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. చదువుకొంటూ ఇంటికి భారం కాకుండా ఉండవచ్చు. డిగ్రీ కాలేజీ లెక్చరరుకు కూడా నెట్ లేదా సెట్ వంటి అర్హత కావాలి.

ఉపాధ్యాయ వృత్తి మన ప్రాంతంలో ఎన్నటికీ వన్నె తగ్గనిది. బి.ఇడి., టెట్, ఆపైన డి.ఎస్.సి. అయితే డి.ఎస్.సి. ఎప్పుడు పడుతుందో చెప్పలేము గనుక, దాని మీదే కళ్ళు పెట్టుకొని వేరే పని చేయకుండా కూర్చోవద్దని నా మనవి.

ప్రభుత్వంలో కెమిస్ట్రీకి ప్రత్యేకంగా ఉన్న ఉద్యోగాలు చాలామందికి తెలియవు. భూగర్భ సర్వే సంస్థలో కెమిస్టు ఉద్యోగాలకు యు.పి.యస్.సి. పరీక్ష పెడుతుంది. ఆహార భద్రతాధికారి ఉద్యోగానికి కెమిస్ట్రీలో ఎం.యస్సీ. ఒక అర్హత. ఫోరెన్సిక్, కాలుష్య నియంత్రణ, తాగునీటి పరీక్షా లాబొరేటరీలు ఉన్నాయి. భాభా అణు కేంద్రం వారు బి.యస్సీ. వాళ్ళను స్టైపెండుతో శిక్షణకు తీసుకుంటారు, మార్కులు మాత్రం గట్టిగా ఉండాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి మామూలు కెమిస్ట్రీ డిగ్రీ చాలదు, ఫార్మసీ వంటి నిర్దేశించిన డిగ్రీయే కావాలి. ఇది తెలియక అప్లికేషను కట్టి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

అన్నిటికన్నా ముఖ్యం చేతిపని. కంపెనీ ఇంటర్వ్యూలో పుస్తకంలోని నిర్వచనం కంటె, నువ్వే టైట్రేషన్ చేశావా, హెచ్.పి.ఎల్.సి. యంత్రం ముందు ఎప్పుడైనా కూర్చున్నావా, రీడింగు తప్పితే ఏం చేశావు అన్నవే అడుగుతున్నారట. మూడో ప్రశ్నకు నిజం చెప్పినవాణ్ణే తీసుకుంటారని ఆ రంగంలో పనిచేసిన బంధువు ఒకాయన నాతో అన్నారు. రాసిన అంకెను దిద్దకూడదన్నది అక్కడి మొదటి పాఠమట. మన రిజిష్టర్లలో కొట్టివేతకు పొట్టి సంతకం పెట్టడం వంటిదే అది.

గోడ మీది డిగ్రీ

ఇక ఆ కుర్రవాడి సంగతి. నేను రిటైరయిన చాలా ఏళ్ళ తరువాత, ఒక బంధువుల పెళ్ళికి వెళ్ళి బస్సు కోసం నిలబడితే, ఎదురుగా ఎరువులు, పురుగుమందుల దుకాణంలోంచి తెల్లజుట్టు మనిషి ఒకాయన వచ్చి “నమస్కారం సార్” అన్నాడు. నేను పోల్చుకోలేదు. పేరు చెప్పాడు. లోపలికి తీసుకువెళ్ళి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. అయిదెకరాలూ చూసుకొంటూ దుకాణం నడుపుతున్నాడు.

గోడకు అద్దం కట్టించి డిగ్రీ సర్టిఫికెట్టు ఉంది. నేను దాని వంక చూడటం గమనించి నవ్వాడు. “2015లో రూలు మారింది సార్. పురుగుమందుల దుకాణానికి వ్యవసాయ డిగ్రీ గాని, కెమిస్ట్రీ లాంటి సైన్సు డిగ్రీ గాని ఉండాలన్నారు. పెట్టెలోంచి తీశాను. ముప్పై ఏళ్ళకి నా కెమిస్ట్రీ గోడెక్కింది” అన్నాడు.

అతని మాటల్లో ఎత్తిపొడుపు లేదు. అందుకే నాకు మరింత కష్టమనిపించింది. “ఆ రోజు నేను నిన్ను ఆపకుండా ఉండవలసింది నాయనా” అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, “మీరు ఆపారని కాదు సార్. మీ మాట మా నాన్నకి కావలసిన మాట అయ్యింది. నన్ను అడిగినవాళ్ళు ఎవరూ లేరు” అన్నాడు.

బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. నిజమే. ఆ రోజు నా బల్ల ముందు నిలబడ్డవాడు వాడు. నేను మాట్లాడింది వాళ్ళ నాన్నతో.

సిరిమాను మర్నాడు

పండగ మర్నాడు పొద్దున్న వాకిట్లో పేపరు చదువుతుంటే మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి నేను సలహా చెప్పలేదు. “నీకు లాబొరేటరీలో నిలబడటం ఇష్టమా, పుస్తకం ముందు కూర్చోవడం ఇష్టమా?” అని అడిగాను. “తప్పు ఎక్కడ వచ్చిందో వెతకడం ఇష్టం తాతయ్యా” అంది. ఆ జవాబు మా ఇంట్లో ఎవరూ ఊహించనిది. అయితే ఆ పని నిజంగా చేస్తున్న ముగ్గురితో మాట్లాడి రమ్మన్నాను. ఒకరు పైడిభీమవరంలో షిఫ్టు చేస్తున్నవారు, ఒకరు నెట్ పాసయి పరిశోధన చేస్తున్నవారు, ఒకరు హైస్కూల్లో సైన్సు చెబుతున్నవారు. ముగ్గురినీ ఒకే ప్రశ్న అడగమన్నాను: ఈ పనిలో మీకు విసుగెత్తించేది ఏది?

ఆ పిల్ల వెళ్ళి మాట్లాడింది. నోటుపుస్తకంలో రాసుకు వచ్చింది. ఎనలిటికల్ విభాగంలో ఎం.యస్సీ. ప్రవేశపరీక్ష రాస్తానంటోంది. సీటు రాకపోతే కంపెనీలో రెండేళ్ళు చేసి మళ్ళీ రాస్తానంటోంది. వాళ్ళ నాన్నకు ఇంకా పూర్తిగా మనసు ఒప్పలేదు. గ్రూప్-2 పుస్తకాలు కొని తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాడి భయం వాడిది, నేనూ ఒకప్పుడు అలాంటి తండ్రినే. వాడికి నేను చెప్పింది ఒక్కటే: “అది నిన్ను అడిగినప్పుడు చెప్పు. అడగకముందు నువ్వు దాన్ని అడుగు.”

పెన్షనర్ మిత్రులారా, మనలో చాలామందికి ఒకే ఉద్యోగం ముప్పై ఏళ్ళు అన్నం పెట్టింది. అది మన అదృష్టం. కాని ఆ గజంబద్దతోనే మనవల దారిని కొలవడం న్యాయం కాదు. తెలిసినది చెబుదాం, తెలియనిది తెలియదని చెబుదాం, తెలిసినవారి దగ్గరకు పంపిద్దాం. మన సంఘంలోనే పరిశ్రమల్లోనూ, లాబొరేటరీల్లోనూ పిల్లలు పనిచేస్తున్నవారు ఎందరో ఉన్నారు. వేసవిలో ఒక ఆదివారం వారిని మన భవనానికి పిలిపించి, డిగ్రీ చదివే పిల్లలతో మాట్లాడిస్తే బాగుంటుందని కార్యవర్గానికి నా సూచన. కుర్చీలు వేయడానికీ, వచ్చిన పిల్లల పేర్లు రిజిష్టరులో రాయడానికీ నేను సిద్ధం. ఆ పని నాకు బాగా అలవాటు.

సెలవు.
భవదీయుడు,
ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, విజయనగరం